తొండి లేని ప్రయోగం

(అనంతపురంలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఉరవకొండ మొదలు హిందూపురం దాకా ఎక్కడెక్కడి నుంచో బస్సులు మారి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. భోజనానికి ముందు గంట నాకు కేటాయించారు కాబట్టి ఉపోద్ఘాతం మానుకొని నేరుగా విషయంలోకి వస్తాను.

కొన్నేళ్ళ కిందట ఒక మండల స్థాయి వైజ్ఞానిక ప్రదర్శనకు న్యాయనిర్ణేతగా వెళ్ళాను. థర్మకోలుతో చేసిన అగ్నిపర్వతాలు నాలుగు ఉన్నాయి. నాలుగింటిలోనూ తినే సోడా మీద నిమ్మరసం పోసి, ఎర్ర రంగు నురగ పొంగించారు. ఒక అగ్నిపర్వతం పక్కన నిలబడిన అయిదో తరగతి పాప, లావా గురించి తాను కంఠస్థం చేసిన నాలుగు వాక్యాలను ఒక్క తడబాటు లేకుండా అప్పజెప్పింది. ‘అమ్మా, ఇది చేయకముందు నీకు తెలియకుండా ఉండి, చేసిన తరువాత తెలిసిన సంగతి ఏదైనా ఉందా?’ అని అడిగాను. ఆ పాప నా వైపు చూడలేదు, వెనక నిలబడిన వాళ్ళ సారు వైపు చూసింది. సారు నేల వైపు చూశారు. నిజం చెప్పాలంటే అగ్నిపర్వతం పేలడానికి, సోడా పొంగడానికి కారణాలు కూడా వేరు. అంటే తెలియనిది తెలియకపోగా, తెలిసినదనుకున్నది కూడా తప్పుగానే తెలిసిందన్నమాట.

మనం బడిలో ప్రయోగం అని పిలుస్తున్నది చాలాసార్లు ప్రదర్శన మాత్రమే. ఫలితం ముందే పుస్తకంలో అచ్చయి ఉంటుంది, పిల్లలు చేసేది దానికి సాక్ష్యం చెప్పడం. ప్రదర్శనకు దాని విలువ దానికి ఉంది, నేను కాదనను. కానీ పరిశోధన అనేది వేరు. అందులో జవాబు పిల్లలకు తెలియదు, వీలైతే ఉపాధ్యాయుడికి కూడా తెలియదు, దాన్ని తెలుసుకునే దారిని పిల్లలే వేసుకుంటారు. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు ఈ పని చేయగలరా అని చాలామంది నన్ను అడుగుతారు. చేయగలరు, కానీ వదిలేస్తే చేయలేరు. ప్రశ్న పిల్లలది కావాలి, పద్ధతి మాత్రం మనం నేర్పాలి. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది అంతే, మిగిలినదంతా దాని వివరం.

ముందుగా ప్రశ్న సంగతి. పిల్లల ప్రశ్నలు సాధారణంగా ‘ఎందుకు’తో మొదలవుతాయి. చీమలు వరసగా ఎందుకు పోతాయి, కొత్త కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి, చెనక్కాయ పువ్వు పైన పూసి కాయ కింద ఎందుకు కాస్తుంది అని అడుగుతారు. ఈ ప్రశ్నలకు మనం వెంటనే జవాబు చెప్పేస్తే పరిశోధన అక్కడికక్కడే ముగిసిపోతుంది. జవాబు చెప్పకుండా ఊరుకుంటే పిల్లవాడు అడగడం మానేస్తాడు. మధ్యేమార్గం ఒకటి ఉంది. ‘ఎందుకు’ అనే ప్రశ్నను ‘ఇట్లా చేస్తే ఏమవుతుంది’ అనే ప్రశ్నగా మార్చడం. చీమల బారుకు అడ్డంగా ఒక జానెడు మేర నేలను తడి గుడ్డతో తుడిస్తే ఏమవుతుంది? చెనక్కాయ పువ్వు రాలిన తరువాత కిందికి దిగే ఊడ మన్నును తాకకుండా, దాని కింద ఒక చిన్న రేకు ముక్క పెడితే ఏమవుతుంది? ఈ రెండో ప్రశ్న ఒక నాలుగో తరగతి పిల్లవాడు తనంతట తానుగా అడిగినది. వాడి తండ్రికి నాలుగు ఎకరాల చెనక్కాయ చేను ఉంది, ఊడలు అన్న మాట వాడికి ఇంట్లో వచ్చిందే తప్ప బడిలో వచ్చింది కాదు. వాడు పది ఊడలకు రేకు ముక్కలు అడ్డం పెట్టి, పక్కనే మరో పది ఊడలకు రంగు దారం కట్టి వదిలిపెట్టాడు. ఆ రెండో పది ఎందుకురా అని అడిగితే, ‘ఇవి లేకుంటే అవి నా వల్ల చెడినాయో, ఊరికే చెడినాయో ఎట్లా తెలుస్తుంది సార్?’ అన్నాడు. శాస్త్రవేత్తలు దీనికి పెద్ద పేరు పెట్టుకున్నారు. పేరు తెలియకపోయినా పని వాడికి తెలిసింది. ఇది అందరికీ తనంతట తెలిసే సంగతి మాత్రం కాదు. అది నేర్పడానికి పనికొచ్చే ఒక మాటను నాకు పిల్లలే అందించారు, దాని కథ కొంచెం వివరంగా చెబుతాను.

మన జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేల అయినా, ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి ఉందని మీకు తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే చోట ఏ నేల ఎంత నీటిని పట్టి ఉంచుతుందనేది పుస్తకంలోని ప్రశ్న కాదు, ఇంటి ప్రశ్న. ఒక బడిలో నాలుగు, అయిదు తరగతుల పిల్లలు కలిసి దీన్ని తేల్చాలనుకున్నారు. ఖాళీ నీళ్ళ సీసాలను అడ్డంగా సగానికి కోసి, మూతి భాగాన్ని తలకిందులు చేసి, మూతికి పాత పంచె గుడ్డ కట్టి, అందులో మన్ను పోసి, పైన నీళ్ళు పోసి, కింద కారిన నీటిని కొలవాలన్నది ఏర్పాటు. నల్లమన్ను నీళ్ళు పట్టుకుంటుందని, ఎర్రమన్ను వదిలేస్తుందని అందరూ ముందే అంచనా రాసుకున్నారు. రేగట్లో శనగ మంచుకే పండుతుందని వాళ్ళ తాతలు చెప్పిన మాట కూడా దానికి తోడయింది.

రెండు జట్లు విడివిడిగా చేశాయి. ఒక జట్టుకు అనుకున్నట్టే వచ్చింది. రెండో జట్టుకు తారుమారయింది. వాళ్ళ నల్లమన్నులో పోసిన నీళ్ళు పోసినట్టే గడగడా కిందికి దిగిపోయాయి, ఎర్రమన్ను నుంచి మాత్రం బొట్టు బొట్టుగా కారాయి. ఇక గొడవ మొదలయింది. మీరు తప్పు చేశారంటే మీరు తప్పు చేశారని రెండు జట్లూ ఎగబడ్డాయి. ఆ సమయంలో అక్కడి టీచరమ్మ చేసిన పని నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఆమె ఏది సరైనదో చెప్పలేదు. ‘ఎవరిది తప్పని నేను చెప్పను, మీ రెండు సీసాలను పక్కపక్కన పెట్టి, ఏమేమి తేడాలున్నాయో చూసి బోర్డు మీద రాయండి’ అన్నారు.

పిల్లలు తేడాలు రాశారు. ఒక జట్టు గ్లాసెడు నీళ్ళు పోస్తే మరో జట్టు చెంబెడు పోసింది. ఒకరు నిదానంగా పోశారు, ఒకరు గుమ్మరించారు. చివరికి మూడో తరగతి నుంచి ఊరికే చూడడానికి వచ్చిన ఒక పాప, ‘వీళ్ళ నల్లమన్ను పెళ్ళలు పెళ్ళలుగా ఉందక్కా, వాళ్ళది పిండి మాదిరి ఉంది’ అన్నది. అసలు సంగతి అదే. ఎండిన రేగడిని పెళ్ళలుగా వేస్తే నీళ్ళు పెళ్ళల మధ్య సందుల్లోంచి దిగిపోతాయి, మన్నుకు పీల్చుకునే తీరిక దొరకదు. దాన్ని నలిపి వేస్తే కథ వేరు. అప్పుడు రెండో జట్టులోని ఒక పిల్లవాడు లేచి, ‘అట్లయితే ఇది తొండి టీచర్! ఒకరిది పెళ్ళలు, ఒకరిది పిండి పెట్టి పందెం వేస్తే తొండి కాదా?’ అన్నాడు.

మిత్రులారా, ఆ ‘తొండి’ అన్న మాటను నేను ఆ రోజే పట్టుకున్నాను. గోలీలాటలో, కుంటాటలో తొండి అంటే ఏమిటో ఆరేళ్ళ పిల్లకు కూడా తెలుసు. పరుగు పందెంలో ఒకరు గీత మీద నుంచి, మరొకరు గీత దాటి నాలుగు అడుగుల ముందు నుంచి బయలుదేరితే అది పందెం కాదని ఎవరూ వాళ్ళకు చెప్పనవసరం లేదు. ప్రయోగంలో మార్చేది ఒకటే ఉండాలి, తక్కినవన్నీ సమానంగా ఉండాలి అనే నియమాన్ని చలరాశులు, నియంత్రణ అన్న మాటలతో చెబితే పిల్లలు కళ్ళు తేలేస్తారు. ‘ఇందులో తొండి ఎక్కడుందో పట్టుకోండి’ అంటే చాలు, మనకు కూడా తట్టని తొండిని పట్టుకుంటారు. ఆ బడిలో ఆ తరువాత ప్రతి ప్రయోగానికి ముందు ‘తొండి పట్టేవాళ్ళు’ అని ఇద్దరిని నియమించుకున్నారు. మన్ను ప్రయోగం మళ్ళీ చేశారు. రెండు మన్నులనూ ఎండబెట్టి, నలిపి, ఒకే జల్లెడతో జల్లించి, ఒకే తూకంలో తీసుకొని, ఒకే గ్లాసుతో పోశారు. ఈసారి రెండు జట్లకూ నల్లమన్నే ఎక్కువ నీటిని పట్టుకుంది. అయితే పెళ్ళల జట్టు తమ మొదటి ఫలితాన్ని కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. చేనులో రేగడి బీటలు వారి ఉన్నప్పుడు మొదటి వానకు నీళ్ళు ఏమవుతాయో తమ సీసాయే చూపించిందని వాదించారు. వాళ్ళ వాదనలో న్యాయం ఉంది.

ఇది నా ఒక్కడి అనుభవం మాత్రమే కాదు. అమెరికాలో డేవిడ్ క్లార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ప్రాథమిక తరగతుల పిల్లల మీద ఈ విషయాన్నే పరీక్షించారు. చెన్, క్లార్ కలిసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో రెండు నుంచి నాలుగో తరగతి దాకా ఉన్న పిల్లలకు ఒక్కదాన్నే మార్చి పోల్చడం ఎట్లాగో ఉదాహరణలతో చెప్పి చూపించినప్పుడు వాళ్ళు నేర్చుకోగలిగారు, వాళ్ళలో పెద్ద పిల్లలు దాన్ని కొత్త సందర్భాలకు కూడా వాడుకోగలిగారు. 2004లో క్లార్, నిగమ్ చేసిన మరో అధ్యయనంలో, వాలుబల్లల మీద బంతులు దొర్లించే ప్రయోగాలను కొందరు పిల్లలకు వివరించి నేర్పారు, మరికొందరిని సొంతంగా కనుక్కొమ్మని వదిలేశారు. నేర్పిన వాళ్ళలో చాలా ఎక్కువ మందికి పద్ధతి పట్టుబడింది. స్వేచ్ఛ ఇస్తే చాలు, పిల్లలు అన్నీ వాళ్ళే కనుక్కుంటారని శిక్షణ తరగతుల్లో మనకు తరచుగా చెబుతుంటారు. ఆ మాట వినడానికి తియ్యగా ఉంటుంది గానీ, ఈత రాని పిల్లవాణ్ణి బావిలో దింపి స్వేచ్ఛగా ఈదమనడం లాంటిది. బెండు కట్టే దింపాలి. రెండు మూడు ప్రయోగాలు మనం వాళ్ళ పక్కన కూర్చొని చేయించిన తరువాతే బెండు విప్పాలి.

ఇక కొలత. చేతితో తాకి చల్లగా ఉంది, వెచ్చగా ఉంది అని చెప్పడాన్ని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకాన్ని వాదనతో కాక మూడు గిన్నెలతో సడలించవచ్చు. ఒక చేతిని చల్లటి నీళ్ళలో, మరో చేతిని చేయి తట్టుకునేంత వేడి నీళ్ళలో కాసేపు ఉంచి, రెండింటినీ ఒకేసారి గోరువెచ్చటి నీళ్ళలో పెడితే, ఒకే గిన్నె ఒక చేతికి వేడిగా, మరొక చేతికి చల్లగా తోస్తుంది. అప్పుడు థర్మామీటరు కావాలని వాళ్ళే అడుగుతారు. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, ఎందుకంటే అది 35 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ మధ్యనే చూపిస్తుంది. హైస్కూలు ప్రయోగశాలలో ఉండే పొడవాటి థర్మామీటరును అరువు తెచ్చుకోండి. నేను మొదటిసారి ఈ పొరపాటే చేసి, కుండ నీళ్ళకు జ్వరం లేదని పిల్లల ముందు నవ్వులపాలయ్యాను.

ఆ థర్మామీటరుతో జులై నెలలో కుండల ప్రయోగం చేయించాను. కొత్త కుండలో, స్టీలు బిందెలో సమానంగా నీళ్ళు పోసి, రెండింటినీ వరండాలో ఒకే చోట ఉంచి, రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు కొలిచేవాళ్ళు. గాలి 33 డిగ్రీలు ఉన్న రోజున బిందె నీళ్ళు 32, కుండ నీళ్ళు 27 చూపించేవి. వరుసగా అయిదు రోజులు అయిదారు డిగ్రీల తేడా వచ్చింది. ఆరో రోజు పొద్దున్నుంచి తుంపర పడుతూ ఉంది. ఆ రోజు గాలి 26, బిందె 26, కుండ 25. రాసే వంతు వచ్చిన పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, ‘సార్, కుండ చెడిపోయింది. నిన్నటి అంకెలే వేసేద్దునా?’ అని మెల్లగా అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను ఎంత కలవరపెట్టిందో చెప్పలేను, ఎందుకంటే అది మనం నేర్పినదే. సరైన జవాబుకు మార్కులు వేసి, తప్పిన అంకెను ఎర్ర సిరాతో సున్నా చుట్టే అలవాటు మనది. వాడికి తిట్లు పెట్టలేదు. చూసింది చూసినట్టు రాసి, పక్కన ఆ రోజు ఇంకేమి వేరుగా ఉందో కూడా రాయమన్నాను. ‘వాన. బట్టలు ఆరలేదు’ అని రాశాడు. ఆ రెండో వాక్యం ఎవరూ చెప్పలేదు, వాడికే తోచింది. బట్టలు ఆరని రోజున కుండ కూడా ఆరదు. కుండ గోడల సన్నని రంధ్రాల ద్వారా బయటికి ఊరిన నీరు ఆవిరైపోతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది, గాలిలో తేమ ఎక్కువైతే ఆ ఆవిరి కావడం మందగిస్తుంది. చెడిపోయిందనుకున్న రోజే కుండ తన గుట్టు చెప్పింది. పిల్లల నోటుపుస్తకంలో కొట్టివేతలు ఉండవచ్చు, చెరిపివేతలు ఉండకూడదని నేను రబ్బర్లు తీసిపెట్టించింది అప్పటి నుంచే.

అంకె పుస్తకంతో తగువు పడే సందర్భాలు కూడా వస్తాయి. మధ్యాహ్నం పన్నెండుకు నీడ అతి చిన్నదిగా ఉంటుందని పిల్లలు చదువుకొని ఉంటారు. ఆవరణలో నిలువుగా ఒక కర్ర పాతి పది నిమిషాలకొకసారి నీడ కొసకు గుర్తు పెట్టమనండి. మన అనంతపురంలో అది ఇంచుమించు 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో అతి చిన్నదవుతుంది, ఫిబ్రవరిలో ఇంకా ఆలస్యంగా, నవంబరులో కొంచెం ముందుగా అవుతుంది. మన గడియారాలు కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, మనమేమో దానికి దాదాపు అయిదు డిగ్రీల పడమటగా ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాలు. ఏప్రిల్ నెలాఖరులో ఒక రోజు, ఆగస్టు రెండో వారంలో ఒక రోజు ఆ నీడ పూర్తిగా మాయమవుతుంది. ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూసి ఉంటాయి కాబట్టి మనకు ఆగస్టే దిక్కు, మబ్బు పట్టకుంటే.

వస్తువులు లేవు, ప్రయోగశాల లేదు అనే మాట ప్రతి సమావేశంలోనూ వింటాను. దానికి జవాబుగా పక్కనున్న కడప జిల్లా సంగతి ఒకటి చెబుతాను. కలివికోడి అనే పక్షిని జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు 1848లో మొదటిసారి శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1900 తరువాత అది ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది. దొరికింది ఒక స్థానిక వేటగాడి చేతికి, రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. రాత్రి తిరిగే పక్షి పగటి వేళ వెతికేవాళ్ళ కంటబడకపోవడంలో వింత లేదు. ఆ తరువాతి కాలంలో పరిశోధకులు దాని జాడ తెలుసుకోవడానికి వాడిన పద్ధతుల్లో ఒకటి, పొదల మధ్య మెత్తటి మన్నును పట్టీలుగా పరిచి, మర్నాడు వాటి మీద పడిన అడుగులను పరిశీలించడం. తోడుగా కెమెరాలు కూడా పెట్టారనుకోండి, కానీ మన్ను పట్టీకి ఖర్చేముంది?

ఈ పద్ధతిని బడి వెనక ఖాళీ స్థలంలో ఎవరైనా చేయవచ్చు. సాయంత్రం బడి వదిలే ముందు బారెడు పొడవు, మూరెడు వెడల్పున జల్లించిన మన్ను పరిచి, అరచేతితో సమానం చేసి ఇంటికి పోవడమే. ‘రాత్రి మన బడికి ఎవరు వస్తారు?’ అన్నది ప్రశ్న. మొదటి రోజు పిల్లలకు కుక్క అడుగులు, కోడి అడుగులు తప్ప ఏమీ తెలియవు. వారానికల్లా ముంగిస, ఎలుక, తొండ, మేక అని విడదీస్తారు. ఈ తొండ ఆ తొండి కాదు, గమనించండి. పోల్చడానికి ఆనవాలు పుస్తకం కావాలంటే ఊళ్ళో గొర్రెలు కాచే తాతను పిలిపించండి, ఆయనకు మించిన పుస్తకం లేదు. తాత చెప్పినదాన్ని కూడా సరిచూసుకోమని పిల్లలకు చెప్పండి, ఆయన ఏమీ అనుకోడు. నేను చూసిన ఒక బడిలో పిల్లలు పట్టీలను రెండు చోట్ల వేశారు, ఒకటి మధ్యాహ్న భోజనం వండే షెడ్డు దగ్గర, మరొకటి ప్రహరీ గోడ మూల. రెండు చోట్లా ఒకే కొలత, ఒకే మన్ను. తొండి పట్టేవాళ్ళ ధర్మమా అని అందులో లోపం దొరకలేదు. రాళ్ళు ఎత్తి చూసే పని మాత్రం పిల్లలకు అప్పగించకండి, మన సీమలో రాయి కింద తేలు ఉండడం వింత కాదు.

ఇదంతా పల్లెటూరి ప్రభుత్వ బడుల్లో సాగదనే వాళ్ళకు ఒక మాట. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూ ఎన్నో వందల ప్రభుత్వ బడులకు విస్తరించి, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచింది. అక్కడ పరీక్షల్లో పుస్తకం తెరిచి రాయనిచ్చేవారు, చేతితో ప్రయోగం చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. పరీక్ష మారకుండా బోధన మారదని వాళ్ళు ముందే గ్రహించారు. మన ప్రాథమిక తరగతులకు ఆ సౌకర్యం కొంత ఉంది, ఎందుకంటే పరిసరాల విజ్ఞానానికి పబ్లిక్ పరీక్ష భయం లేదు. ఏకోపాధ్యాయ పాఠశాలల వాళ్ళకు సమయం చాలదన్నది నిజమే, ఆ కష్టాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ అయిదు తరగతులు ఒకే గదిలో ఉండడం ఈ ఒక్క పనికి మాత్రం కలిసి వస్తుంది. పెళ్ళల సంగతి పట్టుకున్నది మూడో తరగతి పాప అని మరిచిపోకండి. వారానికి ఒక్క పూట చాలు. నెలకు ఒక ప్రశ్న తేలినా మంచిదే, తేలకున్నా దాన్ని గోడ మీది చార్టులో అట్లాగే ఉంచండి. చార్టు మీద ఉన్న ప్రశ్నల్లో మీకు కూడా జవాబు తెలియనివి కొన్నయినా ఉండాలి. ‘నాకు తెలియదు, చూద్దాం పట్టు’ అన్న మాట పిల్లల ముందు అనడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. పదేళ్ళు పట్టింది.

పిల్లల రాతను గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నోటుపుస్తకంలో వాళ్ళను ఇంటి మాటలతోనే రాయనివ్వండి. బుడ్డలు అని రాస్తే వేరుశనగలు అని దిద్దవద్దు, మన్ను అంటే మృత్తిక అనవద్దు. భాషను దిద్దే పని తెలుగు పీరియడులో ఎటూ ఉంది.

ఇప్పుడు మీ బల్లల కింద చూడండి. ప్రతి బల్ల దగ్గర రెండు సంచులు ఉన్నాయి, ఒకదానిలో బుక్కరాయసముద్రం ఎర్రమన్ను, మరొకదానిలో తాడిపత్రి రేగడి. కోసిన సీసాలు, గుడ్డ ముక్కలు, గ్లాసులు ముందు వరుసలో ఉన్నాయి. భోజనానికి ఇంకా నలభై నిమిషాల సమయం ఉంది. మన్ను తూకం వేయకముందే మీ అంచనాను కాగితం మీద రాసి, మడిచి జేబులో పెట్టుకోండి, రబ్బరు వాడవద్దు. ప్రతి బల్లకు ఇద్దరు తొండి పట్టేవాళ్ళను మీరే ఎన్నుకోండి. జల్లెడ మాత్రం ఒక్కటే తెచ్చాను, అది అందరికీ ఎట్లా సరిపెట్టుకోవాలో కూడా మీరే తేల్చుకోవాలి.